లంకె వెనుక చిరునామా: తెలుగు బ్లాగుల పాఠకులకు, రచయితలకు, పరిశోధకులకు అంతర్జాల భద్రత

వ్యాససంగ్రహం:

తెలుగు సాహిత్య పరిశోధనకు బ్లాగులు నేడు ముఖ్యమైన ఆకరాలుగా ఉపయోగపడుతున్నాయి. అయితే వాటిలోని లంకెలు కాలక్రమంలో హానికరమైన పుటలకు దారితీయడం, వ్యాఖ్యల రూపంలో మోసపూరిత చిరునామాలు చేరడం, పుస్తకాల పేరుతో వైరస్ ఫైళ్లు వ్యాపించడం కూడా జరుగుతున్నది. లంకెలో కనిపించే మాట వేరు, ఆ లంకె చేర్చే చోటు వేరు. ఆ చోటు ఎవరిదో గుర్తించడానికి సమాసాలకు విగ్రహవాక్యం చెప్పగలిగిన తెలుగు విద్యార్థి దగ్గర కావలసిన పరికరం ఇప్పటికే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఫైలు పేర్లు, పోలిక అక్షరాలు, నకిలీ పరీక్షలు, బ్లాగు నిర్వహణ, పాదసూచికల్లోని చిరునామాలు అనే అంశాలను ఆ దృష్టితో పరిశీలిస్తున్నది.

కీలకపదాలు: బ్లాగు, లంకె, డొమైన్, తత్పురుషం, వైరస్, ట్రోజన్, ఫిషింగ్, పోలిక అక్షరాలు, పాదసూచిక.

1. ఉపోద్ఘాతం:

రెండేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థిని నాకు ఫోను చేసింది. "మేడమ్, మీ వ్యాసంలో ఏడో పాదసూచిక లంకె నొక్కితే పేకాట పేజీ వస్తోందండి. ఇంకేదో దించుకోమని కూడా అడుగుతోంది" అన్నది. నేను ఆ లంకె ఇచ్చిన రోజున అక్కడ ఒక కథకుని సొంత బ్లాగు ఉండేది. ఆయన తన కథల నేపథ్యాలను అందులో ఓపికగా రాసుకున్నారు. ఆ తరువాత డొమైన్ గడువు తీరింది, ఎవరూ దానిని పునరుద్ధరించలేదు. ఇంకెవరో ఆ పేరును కొనుక్కున్నారు. నా పాదసూచికలో ఒక్క అక్షరమూ మారలేదు గాని, అది చేర్చే చోటు మాత్రం మారిపోయింది. ఒక పరిశోధన వ్యాసం మీది నమ్మకంతో ఆ అమ్మాయి దానిని నొక్కింది. ఈ వ్యాసం రాయడానికి ప్రేరణ ఆ ఫోనే.

బ్లాగర్ సేవ 1999లో మొదలైంది, 2003లో గూగుల్ దానిని కొన్నది. అదే 2003లో వర్డ్‌ప్రెస్ వెలువడింది. తెలుగును యూనికోడ్‌లో టైపు చేసుకొనే సౌకర్యాలు, ముఖ్యంగా లేఖిని వంటి పరికరాలు అందుబాటులోకి వచ్చాక తెలుగు బ్లాగులు విరివిగా పెరిగాయి. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు వాటిని ఒకచోట చూపించాయి. అచ్చు పత్రికలకు ఎక్కని ఛందోచర్చలు, ఊళ్ల జ్ఞాపకాలు, పాత పుస్తకాల పరిచయాలు ఈ బ్లాగుల్లోనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇప్పుడు నిర్వాహకుడు లేడు. కాపలా లేని తోటలోకి ఎవరైనా దూరవచ్చు. కనుక ఈ సమస్యను కంప్యూటరు శాఖవారికి వదిలిపెట్టి తెలుగు శాఖలు ఊరుకోవడం సరికాదని నా అభిప్రాయం.

2. వైరస్, పురుగు, ట్రోజన్ – పదాల నిర్ధారణ:

మన వ్యవహారంలో కంప్యూటరుకు వచ్చే ప్రతి జబ్బూ వైరసే. శాస్త్రంలో ఈ పదాలకు తేడా ఉంది. తన నకలును మరొక ప్రోగ్రాములో చొప్పించి, ఆ ప్రోగ్రాము నడిచినప్పుడల్లా తాను వ్యాపించేది వైరస్. ఫ్రెడ్ కోహెన్ 1983లో దీనిని ప్రయోగపూర్వకంగా చూపి, 1984లో పరిశోధన పత్రంగా ప్రకటించాడు. ఆ పేరును సూచించినవాడు ఆయన ఆచార్యుడు లెన్ ఆడెల్మన్. మరొక ప్రోగ్రాము ఆసరా లేకుండా యంత్రం నుంచి యంత్రానికి తానే పాకేది పురుగు. 1988 నవంబరులో అంతర్జాలాన్ని స్తంభింపజేసిన మోరిస్ పురుగు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ.

నేటి బ్లాగు పాఠకునికి ఎక్కువగా ఎదురయ్యేది మూడవది, ట్రోజన్. గ్రీకుల కొయ్యగుర్రం మీదుగా వచ్చిన పేరు ఇది. మనకైతే భారతంలోని లక్కయిల్లు దీనికి చక్కగా సరిపోతుంది. పైకి అందమైన ఇల్లు, గోడల నిండా లక్క. వైరసుకూ పురుగుకూ మన అనుమతితో పని లేదు. ట్రోజన్‌కు మాత్రం మన చేయి కావాలి, అంటే మనమే దానిని దించుకోవాలి, మనమే తెరవాలి. పాస్‌వర్డులను రాబట్టే నకిలీ పుటలకు, అంటే ఫిషింగుకు కూడా ఇదే లక్షణం ఉంది. కాబట్టి యంత్రాన్ని పాడుచేసేది ఏదనే ప్రశ్న కంటే పాఠకుణ్ణి నమ్మించేది ఏదనే ప్రశ్న ఇక్కడ ముఖ్యమవుతుంది. అది చాలావరకు భాషకు సంబంధించిన ప్రశ్న.

3. చిరునామా ఒక సమాసం:

లంకెకు రెండు భాగాలుంటాయి. ఒకటి తెరమీద కనిపించే మాట, రెండవది దాని వెనుక దాగిన చిరునామా. "చలం రచనలు ఇక్కడ చదవండి" అని మాట ఉండవచ్చు. దాని వెనుక ఏ చిరునామానైనా పెట్టవచ్చు. ఇంకా చిత్రమేమంటే, కనిపించే మాటగా ఒక చిరునామానే రాసి, దాని వెనుక వేరొక చిరునామాను ఉంచవచ్చు. కంప్యూటరులో లంకె మీద మౌస్ బాణాన్ని నొక్కకుండా నిలిపితే తెర అడుగున అసలు చిరునామా కనిపిస్తుంది. ఫోనులో లంకె మీద వేలును కాసేపు అదిమి ఉంచితే కనిపిస్తుంది. ఈ చిన్న అలవాటు లేకపోతే ఇక ముందు చెప్పబోయేదేదీ ఉపయోగపడదు.

చిరునామా కనిపించింది. దానిని ఎలా చదవాలి? పాఠకులు దానిని ఎడమ నుంచి చదివి, మొదట తెలిసిన పేరు కనిపించగానే ఆగిపోతారు. మోసం చేసేవాడు కోరేది కూడా అదే. ఉదాహరణకు ఇటువంటి చిరునామాను చూద్దాం (రోమను లిపిలో ఉండేదానిని తెలుగులో రాస్తున్నాను): గూగుల్.లాగిన్.ఎగ్జాంపుల్.కామ్. ఇందులో మొదటి మాట గూగుల్. కాని ఈ పుట గూగుల్‌ది కాదు. డొమైన్ పేరులో అధికారం చివరి నుంచి మొదటికి నడుస్తుంది. చివరిది కామ్, దానికి ముందున్నది ఎగ్జాంపుల్. ఈ రెండూ కలిసినదే యజమాని పేరు. దానికి ఎడమవైపున ఆ యజమాని తనకు తోచిన మాటను చేర్చుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

తెలుగు విద్యార్థికి ఇది కొత్త కాదు. రాజభటుడు అంటే రాజు కాదు, భటుడే. తత్పురుషంలో ఉత్తరపదార్థం ప్రధానం. పూర్వపదం ఎంత గొప్పదైనా విశేషణంగానే నిలుస్తుంది. డొమైన్ పేరు అచ్చంగా షష్ఠీతత్పురుషమే: కామ్ అనే విభాగంలోని ఎగ్జాంపుల్ యొక్క లాగిన్ యొక్క గూగుల్ అనే అర. ఇక్కడ పదాల వరుస మాత్రం విగ్రహవాక్యానికి తిరగబడి ఉంటుంది, అంతే. ఫిషింగ్ అంతా ఒక ఉత్తరపద ప్రధాన సమాసాన్ని పూర్వపద ప్రధానంగా చదివించే యత్నమని చెప్పవచ్చు. సమాసాల పాఠం చెప్పేటప్పుడు నేను ఇప్పుడు ఈ ఉదాహరణను కూడా ఇస్తున్నాను. సీతాపతికి, రామబాణానికి లేని ఉత్సాహం తరగతిలో దీనికి కనిపించడం కొంత బాధగానూ ఉంటుంది.

ఈ సూత్రాన్ని వాడేటప్పుడు కొన్ని మెలకువలు కావాలి. మొదటిది, డొమైన్ ఎక్కడ ముగుస్తుందో చూడాలి. చిరునామా మొదట్లోని జంట వాలుగీతలను దాటిన తరువాత వచ్చే తొలి ఒంటి వాలుగీత దగ్గర డొమైన్ ముగుస్తుంది. ఆ గీత తరువాత ఏమున్నా అది పుట పేరే గాని యజమాని పేరు కాదు. అక్కడ బ్యాంకు పేరు ఉన్నా ఆ పుట బ్యాంకుది కాదు. రెండవది, భారతదేశపు చిరునామాల్లో చివర రెండు పదాలు కలిసి ఒకే పదంగా పనిచేయవచ్చు. కో.ఇన్, ఏసీ.ఇన్, జీఓవీ.ఇన్ అటువంటివి. అక్కడ యజమానిని తెలుసుకోవడానికి ఇంకొక పదం ఎడమకు జరగాలి. వీటిలో జీఓవీ.ఇన్ ప్రభుత్వ సంస్థలకు, ఏసీ.ఇన్ విద్యాసంస్థలకు మాత్రమే ఇస్తారు. కామ్, ఓఆర్‌జీ వంటివాటిని ఎవరైనా కొనుక్కోవచ్చు. "ఓఆర్‌జీ ఉంది కాబట్టి సేవాసంస్థే" అని నమ్మేవారిని నేను చాలామందిని చూశాను. అది ఆధారం లేని నమ్మకం.

మూడవ మెలకువ బ్లాగులకు ప్రత్యేకమైనది. ఫలానా పేరు.బ్లాగ్‌స్పాట్.కామ్ అన్నప్పుడు ఉత్తరపదం బ్లాగ్‌స్పాట్.కామ్. అది గూగుల్‌దే. అంతమాత్రాన ఆ బ్లాగులో ఉన్నదంతా గూగుల్ పరిశీలించి ఉంచినదని కాదు. స్థలం గూగుల్‌ది, కాపురం ఉంటున్నది ఎవరో మనకు తెలియదు. వర్డ్‌ప్రెస్.కామ్ కింద ఉన్న బ్లాగులకూ, గూగుల్ డ్రైవ్ వంటి నిల్వ సేవల్లో పంచుకొన్న ఫైళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఉత్తరపదం స్థలం ఎవరిదో చెబుతుంది. కాపురమున్నవారి మంచిచెడ్డలను వేరే తెలుసుకోవలసిందే.

కుదించిన లంకెల సంగతి మరొక విధం. బిట్.లీ వంటి సేవలు పొడవైన చిరునామాను కొద్ది అక్షరాలకు కుదిస్తాయి. అందులో పూర్వపదమూ గమ్యాన్ని చెప్పదు, ఉత్తరపదమూ చెప్పదు. అర్థం మూడవచోట ఉంటుంది. చక్రపాణి అంటే చక్రమూ కాదు, పాణీ కాదు, విష్ణువు. అన్యపదార్థ ప్రధానమైన ఈ బహువ్రీహిని విగ్రహవాక్యం లేకుండా నమ్మకూడదు. బిట్.లీ లంకె చివర ఒక కూడిక గుర్తు చేర్చి తెరిస్తే అది తీసుకొనిపోయే అసలు చిరునామా కనిపిస్తుంది. 2004 నుంచి ఉన్న వైరస్‌టోటల్ అనే సేవలో ఏ లంకెనైనా అతికించి, అనేక భద్రతా సంస్థలు దాని గురించి ఏమంటున్నాయో ఒకేచోట చూడవచ్చు. అక్కడ ఏ దోషమూ కనబడకపోతే అది మంచిదని తేలినట్లు కాదు, దోషం ఇంకా ఎవరి కంటా పడలేదని మాత్రమే అర్థం.

చిరునామా పక్కన కనిపించే తాళం బొమ్మ గురించి ఒక మాట. మనకూ ఆ పుటకూ మధ్య సమాచారం రహస్యంగా ప్రయాణిస్తుందని మాత్రమే అది చెబుతుంది. దొంగ కూడా ఉచితంగా ఆ తాళాన్ని పెట్టుకోగలడు. ఈ అపార్థం బలంగా ఉన్నందువల్లనే 2023లో క్రోమ్ బ్రౌజరు తాళం బొమ్మను తీసివేసి వేరొక గుర్తును పెట్టింది.

4. ఫైలు పేరులోనూ ఉత్తరపదమే ప్రధానం:

2000 సంవత్సరం మే 4న ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన "ఐ లవ్ యూ" పురుగు కొన్ని గంటల్లో ప్రపంచమంతా వ్యాపించింది. అది మెయిలుకు జతచేసిన ప్రేమలేఖగా వచ్చేది. ఫైలు పేరులో ముందు టీఎక్స్‌టీ అని, దాని తరువాత వీబీఎస్ అని ఉండేది. మొదటిది సాధారణ పాఠ్యానికి గుర్తు. రెండవది యంత్రం అమలు జరిపే ఆదేశాలకు గుర్తు. విండోస్ తనకు తెలిసిన చివరి పదాన్ని చూపకుండా దాచిపెట్టే అమరికతో ఉండడం వల్ల చాలామందికి టీఎక్స్‌టీ ఒక్కటే కనబడింది. ఉత్తరపదాన్ని దాచి పూర్వపదాన్ని చూపడమనే మాయ ఇక్కడా అదే.

పాతికేళ్లు గడిచినా ఈ పద్ధతి మారలేదు. తెలుగులో అలభ్యమైన నవలల కోసం, పోటీ పరీక్షల పుస్తకాల కోసం వెతికే విద్యార్థులు దీనికి సులభంగా చిక్కుతారు. మా విద్యార్థి ఒకడు పాత నవల పీడీఎఫ్ అనుకొని ఫోనులో దించుకొన్న ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంది. పీడీఎఫ్ అనే మాట పేరు మధ్యలో ఉంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో ప్రోగ్రామును స్థాపించే ఫైలు. పుస్తకం చదవడానికి ప్రోగ్రాము స్థాపించవలసిన పని లేదు. పెళ్లి శుభలేఖల పేరుతో, చలానాల పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకేలూ ఈ జాతివే. స్థాపించిన వెంటనే అవి సంక్షిప్త సందేశాలు చదవడానికీ, "యాక్సెసిబిలిటీ" అధికారానికీ అనుమతి అడుగుతాయి. మొదటిదానితో బ్యాంకు పంపే ఓటీపీ వారికి అందుతుంది. రెండవదానితో తెరమీద మన బదులు వారే నొక్కగలరు. కంప్యూటరులో ఫైలు చివరి పదాన్ని ఎప్పుడూ చూపే అమరికను పెట్టుకోవడం, ఫోనులో ప్లే స్టోరు వెలుపలి ప్రోగ్రాములకు అనుమతి ఇవ్వకపోవడం ఇక్కడి రక్షణలు. జిప్ ఫైలుకు పాస్‌వర్డు పెట్టి, ఆ పాస్‌వర్డును పక్కనే రాసి ఇచ్చే లంకెలను ఇంకా ఎక్కువగా అనుమానించాలి. పాస్‌వర్డు ఉన్న జిప్ లోపల ఏముందో వైరస్ నిరోధకాలు చూడలేవు.

5. అక్షరం చేసే మోసం:

తెలుగు పాఠకునికి ఒక ప్రత్యేక బలహీనత ఉంది. అది చారిత్రకంగా వచ్చినది. యూనికోడ్ స్థిరపడకముందు తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటును వాడేవి. అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే "ఫాంటు దించుకోండి" అనే లంకె ఉండేది. మనం దించుకొనేవాళ్లం. ఆ గజిబిజిని యూనికోడ్‌లోకి మార్చడానికి పద్మ వంటి పరికరాలు రావలసివచ్చింది. "అక్షరాలు కనబడకపోతే ఏదో ఒకటి దించుకోవాలి" అనే అలవాటు ఒక తరం పాఠకుల్లో స్థిరపడింది.

2017 జనవరిలో ఒక దాడి బయటపడింది. చొరబాటుకు గురైన వెబ్‌సైట్లను విండోస్‌లో క్రోమ్ ద్వారా తెరిచినవారికి పుటలోని అక్షరాలన్నీ చెదిరిపోయి కనిపించేవి. "హోఫ్లర్ టెక్స్ట్ అనే ఫాంటు లేదు, నవీకరించండి" అన్న పెట్టె వచ్చేది. నొక్కితే దిగేది ఫాంటు కాదు, హానికరమైన ప్రోగ్రాము. ఇది తెలుగువారిని ఉద్దేశించినది కాదు. కాని మన పాత అలవాటుకు ఇంత దగ్గరగా ఉన్న మోసం మరొకటి లేదు. నేడు విండోస్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ తెలుగు ఫాంట్లు సహజంగానే ఉన్నాయి. వెబ్‌సైటుకు ప్రత్యేక ఫాంటు కావాలంటే బ్రౌజరు దానిని తెరవెనుక తానే తెచ్చుకొంటుంది. కనుక ఏ పుటైనా ఫాంటు దించుకోమని పెట్టె చూపితే ఆ పుటను మూసివేయడమే సరైన పని.

రెండవది పోలిక అక్షరాల సమస్య. రోమను లిపిలోని కొన్ని అక్షరాలు రష్యన్ రాయడానికి వాడే సిరిలిక్ లిపిలోనూ అదే రూపంలో ఉన్నాయి. కంటికి ఒకటే, యంత్రానికి వేరు. 2017 ఏప్రిల్‌లో ఒక భద్రతా పరిశోధకుడు పూర్తిగా సిరిలిక్ అక్షరాలతో ఆపిల్ సంస్థ పేరులాగే కనిపించే డొమైన్‌ను నమోదుచేసి చూపాడు. ఆ తరువాత బ్రౌజర్లు జాగ్రత్తపడ్డాయి. అనుమానం కలిగించే పేర్లను ఇప్పుడవి "ఎక్స్ఎన్" అనే అక్షరాలతోనూ రెండు అడ్డగీతలతోనూ మొదలయ్యే సంకేతరూపంలో చూపిస్తాయి.

భారత్ అనే ముగింపుతో తెలుగు లిపిలోనే డొమైన్ పేర్లు ఇప్పుడు సాధ్యం. అందువల్ల ఈ సమస్య మన లిపి చరిత్రను కూడా తాకుతుంది. తెలుగు–కన్నడ లిపులు ఉమ్మడి మూలం నుంచి విడివడినవి. అ, ఆ, ఇ, ర, ల వంటి అక్షరాలు రెండింటిలోనూ దాదాపు ఒకే విధంగా కనిపిస్తాయి. అంతర్జాల పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ కోసం నియో బ్రాహ్మీ బృందం తెలుగు లిపికి నియమావళి రూపొందించినప్పుడు కన్నడతో గల ఈ పోలికలను లెక్కలోకి తీసుకొన్నది. శాసన లిపుల పరిణామం చదివినవారికి ఇటువంటిచోట కూడా పని ఉంటుందని నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. లిపి మారకుండానే జరిగే గందరగోళం మరొకటి ఉంది. తెలుగు సున్నా అంకె, పూర్ణానుస్వారం యూనికోడ్‌లో వేర్వేరు సంకేతాలు. చాలా ఫాంట్లలో వాటి మధ్య తేడా కనిపెట్టడం కష్టం. అనుస్వారానికి బదులు అంకెను టైపు చేసిన పాఠ్యాలు మన బ్లాగుల్లో ఇప్పటికీ దొరుకుతాయి. అక్కడ అది అచ్చుతప్పు. చిరునామాలో అయితే అది వేరొకరి ఇల్లు.

ఇక తెలుగు అక్షరమే ప్రపంచ వార్త అయిన సందర్భాన్ని చెప్పకుండా ఈ భాగాన్ని ముగించలేను. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో టైపు చేసి పంపితే ఐఫోన్లు, మ్యాక్ కంప్యూటర్లు కుప్పకూలాయి. జకారం, పొల్లు, ఞకారం, ఆ తరువాత కంటికి కనబడని విడదీత సంకేతం, చివర దీర్ఘం. ఈ వరుసను తెరమీద ఎలా గీయాలో ఆపిల్ వ్యవస్థకు తెలియలేదు. సందేశం తెరిచిన ప్రోగ్రాము మూతపడేది. కొందరు ఆకతాయితనంతో దానిని సామాజిక మాధ్యమాల్లో తమ పేర్లకు చేర్చుకొన్నారు. ఆ అక్షరం వైరస్ కాదు. దోషం దానిని గీసే వ్యవస్థలో ఉంది. ఫిబ్రవరి 19న ఆపిల్ విడుదల చేసిన 11.2.6 నవీకరణతో అది పోయింది. పత్రికలు మాత్రం "తెలుగు అక్షర బాంబు" అన్నాయి. జ్ఞానానికి ఆద్యక్షరమైన దానికి ఆ పేరు రావడం మనకు నచ్చదు. అయినా ఒక విషయం ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. పాఠకుడు ఎంత జాగరూకుడైనా కొన్ని దోషాలు నవీకరణతోనే పోతాయి. దానికి ఆయన చేయగలిగినది ఫోను అడిగినప్పుడు "రేపు" అనకుండా నవీకరించడమే.

6. "నేను రోబోను కాను":

వెబ్‌సైట్లు మనం మనుషులమో కాదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష పెడతాయి. 2024 నుంచి దీనికి నకిలీలు విస్తరించాయి. నకిలీ పరీక్షలో పెట్టెను నొక్కగానే అది మనకు తెలియకుండా ఒక ఆదేశాన్ని కంప్యూటరు తాత్కాలిక స్మృతిలోకి నకలు చేస్తుంది. తరువాత "విండోస్ మీటతో ఆర్ నొక్కండి, కంట్రోల్‌తో వీ నొక్కండి, ఎంటర్ నొక్కండి" అని సూచన ఇస్తుంది. మొదటిది ఆదేశాలు రాసే పెట్టెను తెరుస్తుంది, రెండవది నకలును అందులో అతికిస్తుంది, మూడవది దానిని అమలుచేస్తుంది. లక్కయింటికి మన చేతనే నిప్పు పెట్టించడం ఇది. నిజమైన పరీక్ష ఏదీ బ్రౌజరు వెలుపల మీటలు నొక్కమనదు.

"కొనసాగడానికి అనుమతించు నొక్కండి" అనే పెట్టె ఇంకొకటి. అది పరీక్ష కాదు, మన తెరమీద ప్రకటనలు పంపుకోవడానికి అడిగే అనుమతి. నొక్కినవారికి "మీ ఫోనులో 13 వైరస్‌లున్నాయి" వంటి హెచ్చరికలు రాత్రింబవళ్లు వస్తాయి. బ్రౌజరు అమరికల్లో నోటిఫికేషన్ల విభాగానికి వెళ్లి ఆ చిరునామాకు ఇచ్చిన అనుమతిని తొలగిస్తే అవి ఆగిపోతాయి. దానికోసం వైరస్ నిరోధకం కొననక్కరలేదు.

7. బ్లాగు నడిపేవారి పక్షాన:

వ్యాఖ్యల్లో లంకెలు చొప్పించే పని చాలావరకు యంత్రాలే చేస్తాయి. "చక్కని టపా, ఇలాగే రాస్తూ ఉండండి" అని మెచ్చుకొని, పేరు వెనుక ఒక లంకె పెట్టిపోతాయి. ఇంతకుముందు ఇవి ఆంగ్లంలో ఉండేవి కనుక తెలుగు బ్లాగులో సులభంగా దొరికిపోయేవి. యంత్రానువాదం మెరుగుపడ్డాక తెలుగులోనే వస్తున్నాయి. వాటికి పాఠకులను రాబట్టడం కంటే సెర్చి ఇంజన్ల దృష్టిలో తమ పుటకు విలువ పెంచుకోవడం ముఖ్యం. అందుకే 2005 జనవరిలో గూగుల్, ప్రధాన బ్లాగు వేదికలు కలిసి, వ్యాఖ్యల్లోని లంకెలను విలువ లెక్కలోకి తీసుకోవద్దని సూచించే గుర్తును ప్రవేశపెట్టాయి. బెడద తగ్గలేదు. వ్యాఖ్యను చదివిన తరువాతే ప్రచురించే అమరిక బ్లాగరులోనూ, వర్డ్‌ప్రెస్‌లోనూ ఉంది. అన్ని టపాలకూ అది భారమనుకుంటే, బ్లాగరులో రెండు వారాలు దాటిన టపాలకు మాత్రమే పెట్టుకోవచ్చు. యంత్రాలు ఎక్కువగా పాత టపాల మీదే వాలుతాయి, అక్కడ రచయిత చూడడని.

సొంత స్థలంలో వర్డ్‌ప్రెస్ నడిపేవారికి ప్రమాదం ఎక్కువ. డబ్బు పెట్టి కొనవలసిన అలంకరణలనూ ప్లగిన్లనూ ఉచితంగా ఇస్తామనే చోట్ల నుంచి దించుకొంటే వాటితోపాటు దొంగదారి కూడా వస్తుంది. నవీకరించని ప్లగిన్ కూడా అటువంటిదే. చొరబడినవారు చాలాసార్లు మొదటి పుటను ముట్టుకోరు. లోపల వేలకొద్దీ పుటలను సృష్టించి సెర్చి ఇంజన్లకు మాత్రమే చూపుతారు. గూగుల్‌లో మన బ్లాగు పేరు వెతికితే జపాను భాషలో శీర్షికలు కనిపించడం దీనికి బాగా తెలిసిన లక్షణం. నెలకొకసారైనా మన బ్లాగును మనమే బయటివారిలా వెతికి చూసుకోవాలి. బ్లాగు పక్కపట్టీలో పదేళ్ల కిందట అతికించిన సందర్శకుల లెక్కింపు పరికరాలను, గడియారాలను తొలగించడం మంచిది. వాటిని నడిపిన సంస్థ మూతపడి, ఆ డొమైన్ చేతులు మారితే, కొత్త యజమాని ఆదేశాలు మన బ్లాగులోనే అమలవుతాయి.

బ్లాగు ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. టపాలన్నింటినీ ఒకే ఫైలుగా దించి దాచుకొనే సౌకర్యం రెండు వేదికల్లోనూ ఉంది, దానిని ఏడాదికి రెండుసార్లయినా వాడాలి. సొంత డొమైన్ ఉన్న రచయితలు దాని గడువు తేదీని ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచడం అవసరం. రచయిత మరణించాక పుస్తకాలు అటకమీదైనా ఉంటాయి. డొమైన్ అలా ఉండదు, వేలానికి వెళుతుంది.

8. నొక్కిన తరువాత:

లంకె నొక్కినంతమాత్రాన సర్వం పోయిందని భయపడనక్కరలేదు. పుట తెరుచుకోగానే దానంతట అదే యంత్రంలో దూరే దాడులకు ఫ్లాష్ వంటి పాత పరికరాలు ఎక్కువగా తోడ్పడేవి. 2020 చివరితో ఫ్లాష్‌కు కాలం చెల్లింది. నవీకరించిన బ్రౌజరులో హాని సాధారణంగా రెండవ అడుగులో జరుగుతుంది. ఏదైనా రాశామా, దించుకొని తెరిచామా, అనుమతి ఇచ్చామా అన్నది గుర్తుచేసుకోవాలి. ఏదీ చేయకపోతే పుటను మూసివేయడం చాలు.

పాస్‌వర్డు రాసి ఉంటే వేరొక యంత్రం నుంచి దానిని మార్చి, అన్ని యంత్రాలలోనూ ఖాతా నుంచి నిష్క్రమించే ఆదేశం ఇవ్వాలి. అదే పాస్‌వర్డు ఇంకెక్కడ వాడామో అక్కడా మార్చాలి. ఏపీకే స్థాపించి ఉంటే ముందు అంతర్జాల సంబంధాన్ని తెంచి, యాక్సెసిబిలిటీ అనుమతిని తీసివేసి, ఆ తరువాత దానిని తొలగించాలి. డబ్బు పోయినట్లు తెలిస్తే ఆలస్యం లేకుండా 1930కి ఫోను చేయాలి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దాటిపోకముందే నిలిపివేయించడానికి ఏర్పాటైన జాతీయ సహాయ సంఖ్య అది. ఫిర్యాదును సైబర్‌క్రైమ్.జీఓవీ.ఇన్ లో నమోదు చేయవచ్చు. కంప్యూటరును శుభ్రపరిచే ఉచిత పరికరాలు 2017లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో దొరుకుతాయి. మరొకరి రూపంలో కంప్యూటరు ద్వారా మోసం చేయడం సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం. విద్యార్థులు, ముఖ్యంగా విద్యార్థినులు, ఇంట్లో తిడతారని చెప్పకుండా దాచడం వల్ల విలువైన గంటలు పోతున్నాయి. నాకు తెలిసినంతలో సాంకేతిక అజ్ఞానం కంటే ఈ సిగ్గు చేసే నష్టమే ఎక్కువ.

9. పాదసూచికల్లోని చిరునామాలు:

పరిశోధన పత్రంలో ఇచ్చిన లంకెకు పత్రిక గౌరవమే పూచీగా నిలుస్తుంది. చదివేవారు దానిని అనుమానించరు. కనుక బ్లాగును ఉదహరించే పరిశోధకుడు టపా శీర్షిక, రచయిత పేరు, ప్రచురణ తేదీ, తాను చూసిన తేదీ తప్పక ఇవ్వాలి. లంకె చెడిపోయినా ఆ వివరాలతో టపాను వెతకవచ్చు. దానితోపాటు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పుట ప్రతిని అదే రోజున భద్రపరచి, ఆ ప్రతి చిరునామాను కూడా చేర్చాలి. పుట చిరునామా అతికించి "భద్రపరచు" అన్న మీట నొక్కితే ఒక నిమిషంలో పని పూర్తవుతుంది. మన విశ్వవిద్యాలయాలు సిద్ధాంత గ్రంథాల ఆకృతికి ఎన్నో నియమాలు పెడతాయి, అంచుల కొలతలతో సహా. భద్రపరచిన ప్రతి ఉండాలన్న నియమాన్ని మాత్రం నేను ఇంతవరకు పనిచేసినచోట ఎక్కడా చూడలేదు.

విద్యార్థిని ఫోను చేసిన మరునాడు నా పాత వ్యాసంలోని లంకెలన్నింటినీ ఒక్కొక్కటిగా పరిశీలించాను. పద్నాలుగింటిలో తొమ్మిది సక్రమంగా ఉన్నాయి. నాలుగు తెరుచుకోలేదు. ఏడవది పేకాట పుటే. కథకుని బ్లాగు పాత ప్రతి వేబ్యాక్ మెషీన్‌లో ఉంది. ఎవరో అజ్ఞాత పాఠకుడు భద్రపరచి ఉంటాడు. బొమ్మలు పోయాయి గాని పాఠం చెదరలేదు. ఆ చిరునామాను ఏడవ పాదసూచికలో చేర్చి సంపాదకులకు సవరణ పంపాను. తెరుచుకోని నాలుగింటిలో రెండింటికి ప్రతులు దొరికాయి. మిగిలిన రెండు బ్లాగుల రచయితల కోసం ఇంకా వెతుకుతున్నాను.